మా వదిన వదిలేసిన బట్టలు

మా ఆడపడుచు ఇంట్లో కుర్చీ ఒక్కటే ఉంటుంది. ఇద్దరం వెళ్తే ఒకరు నిలబడాలి. "నేల ఉందిగా, కూర్చుని చూడండి ఎంత హాయిగా ఉంటుందో" అంటుంది. గోడలకు పటాల్లేవు, కిటికీకి తెర లేదు, వంటింట్లో గిన్నె మీద గిన్నె లేదు. వచ్చినవాళ్ళందరికీ బీరువా తలుపు తీసి చూపిస్తుంది. బూడిద రంగు గౌన్లు కొన్ని, ఒక కోటు, ఒక శాలువా, అంతే. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టి నిలబడతారు. ఆమె నడిపే "తేలిక బతుకు" క్లాసులో చేరినవాళ్ళు ఆమెను తేలిక మేడం అంటారు. నేను వదినా అంటాను. మనసులో ఏమంటానో ఇక్కడ రాస్తే బాగుండదు.

ఎందుకంటే, ఆ ఇంట్లో లేని సామానంతా మా ఇంట్లో ఉంది.

మాది చిన్న ఇల్లు. ముందు గది, వంటగది, వెనక గది. ఆ వెనక గదిలోకి వెళ్ళాలంటే అడ్డంగా తిరిగి, ఊపిరి బిగపట్టి వెళ్ళాలి. అట్టపెట్టెలు, సూట్‌కేసులు, చుట్టిన తివాచీ, మడతమంచం, గాజు సామాను, తలకిందులుగా పెట్టిన కుర్చీలు. అన్నీ మా వదినవే. "ఒక్క నెల ఉంచవే మరదలా, మళ్ళీ వచ్చి పట్టుకెళ్తా" అని మొదటి పెట్టె దింపింది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఆవిడ పేరు పెరిగినకొద్దీ ఆ ఇల్లు ఖాళీ అయింది, మా గది నిండింది. జనం ఆవిడకి చప్పట్లు కొడుతుంటే నేను ఆవిడ పెట్టెల మీద దుమ్ము దులుపుతున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత పెద్ద లారీవాడినైనా హారన్ కొట్టి పక్కకు తోలేస్తాడు. వాళ్ళక్క ముందు మాత్రం నోరు పెగలదు.

"మీ అక్కతో చెప్పండి, ఆ గది నాకు కావాలి" అన్నానంటే చాలు, "మా అక్క కదే" అంటాడు. అది జవాబా? ఆవిడ వాళ్ళక్క అని నాకు తెలియక అడిగానా?

గది నాకు ఊరికే కావాల్సి రాలేదు. నేను కుట్టుపని మనిషిని. బట్టల ఫ్యాక్టరీలో మా లైను మూసేసి అందరినీ ఇంటికి పంపించేశాక, నా మెషిన్ వంటగదిలో పొయ్యి పక్కన పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. కుడిచేత్తో పోపు, ఎడమచేత్తో గుడ్డ. ఒకసారి ఎవరిదో తెల్ల చొక్కా మీద నూనె చింది, ఆవిడ నన్ను వీధిలో నిలబెట్టి కడిగేసింది. ఆ తర్వాత ఆసుపత్రిలో తెరలు, దుప్పట్లు బాగుచేసే పని వచ్చింది. నా మెషిన్ అక్కడికే మోసుకెళ్ళి చేశాను. మేట్రనమ్మకి నా కుట్టు నచ్చింది. "నర్సింగ్ అమ్మాయిల యూనిఫారాలు మీకే ఇద్దామనుకుంటున్నా. కానీ మీరు కుట్టే చోటు నేనొకసారి చూడాలమ్మా. శుభ్రం విషయంలో నేను మొండిదాన్ని" అంది. ఆ ఆర్డర్ ఒక్కటి వస్తే ఏడాది పొడుగునా పని ఉంటుంది. మళ్ళీ ఎవరి గుమ్మం దగ్గరా చెయ్యి చాచి నిలబడక్కర్లేదు. నాకు కావలసింది ఆ ఆర్డర్. దానికి కావలసింది ఆ గది.

వదినకి ఫోను చేశాను. "వచ్చే వారం తప్పకుండా తీయించేస్తా" అంది. వారం వచ్చింది, వదిన కూడా వచ్చింది. చంకలో ఇంకో పెట్టెతో.

పెట్టె లోపల పెట్టి, గదిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఫోను తీసి రెండు ఫోటోలు తీసుకుంది. "ఏ పెట్టె ఎక్కడుందో గుర్తుంటుంది కదా, అందుకు" అంది. నేను పిచ్చిమొహాన్ని, కాఫీ కలిపి ఇచ్చాను.

ఆ తర్వాత టౌన్ హాల్లో ఆవిడ ఉపన్యాసం. మా ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్నూ లాక్కెళ్ళాడు. హాలు నిండా ఆడవాళ్ళు. ముందు వరసలో మేట్రనమ్మ. నాకు సంతోషం వేసింది కూడా, మన మనిషి స్టేజీ మీద ఉంది, ఆవిడ చూస్తోంది అని. వదిన బూడిద గౌనులో నిలబడి గలగలా మాట్లాడింది. ఏడాది పాటు ముట్టుకోనిది ఏదైనా మనది కాదట. మనం దాన్ని ఉంచుకోవడం కాదు, అదే మనల్ని పట్టుకుని ఉంటుందట. బాగానే ఉంది. ఆ తర్వాత తెర మీద ఒక ఫోటో వేసింది.

మా వెనక గది.

"చూడండి. ఇలాంటి ఇంట్లో మనిషి ఊపిరి ఎలా పీల్చుకుంటుంది? ఈ గది మనిషిని నేను తప్పుపట్టను. ఆమె మనసు కూడా ఇలాగే ఉంటుంది, పాపం" అంది.

హాలంతా "అయ్యో" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోటో మూలన, మడతమంచానికి ఆనించి, నా మెషిన్. ఆ రోజు వంటింట్లో పని ఉండి దాన్ని ఆ గది గుమ్మంలోకి జరిపాను. దాని మీద నేను కుట్టిన పసుపు కవరు, అంచు చుట్టూ నల్ల బొత్తాలు. అలాంటి కవరు ఊరంతా వెతికినా ఇంకొకటి ఉండదు. మా ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

బయటికి వస్తుంటే మేట్రనమ్మ ఆగింది. "ఆ మెషిన్ మీదే కదమ్మా?" అంది. మెత్తగానే అంది, అదే నాకు ఇంకా గుచ్చుకుంది.

"మెషిన్ నాదేనండి. ఆ సామాన్లు నావి కావు, మా వదినవి. ఈవిడవే" అన్నాను.

ఆవిడ స్టేజీ వైపు చూసింది. అక్కడ మా వదిన, చేతికి గాజు లేదు, మెడలో గొలుసు లేదు, చంకలో చిన్న గుడ్డసంచి. మేట్రనమ్మ మళ్ళీ నా వైపు చూసింది, అబద్ధాలాడే పిల్లని చూసినట్టు. "రోగుల మధ్య తిరిగే బట్టలమ్మా. ఏమీ అనుకోకండి" అని వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే వదిన ఇంటికి వెళ్ళాను. ఉన్న ఒక్క కుర్చీలో ఆవిడే కూర్చుంది. నేను నిలబడ్డాను.

"మేట్రనమ్మతో ఒక్క మాట చెప్పు వదినా. ఆ సామాన్లు నావి, మా మరదలివి కావు అని. అంతే, ఇంకేం అడగను."

"నీకేమైనా మతిపోయిందా? ఫోటోలో నీ పేరుందా, మొహం ఉందా? ఎవరిదని ఎవరికి తెలుసు?"

"ఆవిడకి తెలిసింది. నా పని పోయింది."

"ఇంకో పని వస్తుందిలేవే. నా సంగతి ఆలోచించు. నేను ఏమీ దాచుకోనని నలుగురికీ చెప్పుకునే మనిషిని."

"మరి దాచుకున్నావుగా!"

"దాచుకోలేదు" అంది, ముక్కుపుటాలు ఎగరేసి. "నా దృష్టిలో అవి ఎప్పుడో వదిలేసినట్టే."

"వదిలేసినట్టేనా?"

"వదిలేసినట్టే."

"అయితే నా ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చా?"

ఆవిడ గతుక్కుమంది. కానీ అప్పటికే క్లాసుకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి వింటున్నారు. వదిన వాళ్ళని చూసింది, నన్ను చూసింది, గొంతులో తేనె పోసుకుంది. "నీ ఇష్టం అమ్మా. వస్తువు ఎవరికి ఉపయోగపడితే వాళ్ళదే" అంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు తలలూపారు.

నాకు ఆ మాట చాలు.

ఇంటికొచ్చి వెనక గది తలుపు బార్లా తెరిచి మొదటి పెట్టె తాడు కోశాను. కుర్చీలు, మంచం, తివాచీ, గాజు సామాను వీధి చివర అనాథ పిల్లల హాస్టల్‌కి బండి మీద తోలించేశాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఖాళీ నేల చూసి, "ఏంటే ఇది, అక్క చూస్తే చంపేస్తుంది" అన్నాడు.

"మీ అక్క రూలే. ఆవిడే ఇచ్చేయమంది. కావాలంటే అడగండి."

అడగలేదు. అడిగే మనిషైతే ఇంత దూరం వచ్చేదా?

ఇక మిగిలినవి బట్టల పెట్టెలు. గౌన్లు, స్కర్టులు, ఉన్ని జాకెట్లు, కోట్లు. మేలురకం గుడ్డ, ఈ రోజుల్లో డబ్బులిచ్చినా దొరకదు. నేను ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాను. కొలతలు చూడటానికి నాకు టేపు అక్కర్లేదు, అరచెయ్యి చాలు. మూడో గౌను దగ్గరికి వచ్చేసరికి సంగతి అర్థమైంది. అన్నీ ఒకే కొలత. అన్నీ సన్న నడుము. అది ఇప్పటి మా వదిన నడుము కాదు, నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూసిన వదిన నడుము. అప్పట్లో ఆవిడ వీధిలో నడుస్తుంటే బస్సు ఎక్కాల్సినవాళ్ళు బస్సు వదిలేసుకునేవాళ్ళు. ఆ మనిషి ఎప్పుడో మారిపోయింది, ఒళ్ళు చేసింది, వయసు మీద పడింది. బట్టలు మాత్రం ఎక్కడివక్కడ మడత నలగకుండా నా గదిలో కూర్చున్నాయి. సన్నబడితే వేసుకుందామని! బూడిద రంగు గౌన్ల గొప్పతనమంతా ఇదన్నమాట. ఏమీ వద్దనుకున్న మనిషి కాదు, ఇప్పటి తన ఒంటికి మంచి బట్ట వేయడం ఇష్టం లేని మనిషి.

జాలి వేయాలి కదా? వేయలేదు. ఎక్కడ పొడిస్తే దిగుతుందో తెలిసింది, అంతే.

మా వీధి ఆడవాళ్ళని పిలిచాను. పాలబూత్ అమ్మాయి, స్కూల్లో చెత్త ఊడ్చే అక్క, బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ, మూలమీద ఇస్త్రీ బడ్డీ పిన్ని. "మా వదిన వదిలేసినవి. మీకు సరిపోయేలా సరిచేసి ఇస్తా, ఊరికే" అన్నాను. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత బల్ల చుట్టూ సంత అయిపోయింది.

ఇస్త్రీ పిన్ని ఒక్కతే వెనక నిలబడింది. "నాకెందుకే" అంది.

"ఎందుకేంటి పిన్నీ?"

"ఊళ్ళో ఖరీదైన బట్టలన్నీ నా చేతి కింద నుంచే పోతాయి. ఒంటిమీదకి ఒక్కటీ రాలేదు. అలవాటైపోయిందే."

నేను మొత్తంలోకి మంచి కోటు తీసి ఆవిడ భుజాల మీద వేశాను. ముదురు ఎరుపు ఉన్ని, లోపల పట్టు లైనింగు, నడుము దగ్గర నొక్కు. పిన్నిది మా వదిన ఈడే. రోజంతా నిలబడి ఇస్త్రీపెట్టె తోసీ తోసీ కర్రపుల్లలా ఉంటుంది. కోటు ఆమెకి కూడా కాస్త వదులే అయింది.

మామూలుగా నేను బట్ట బిగించేటప్పుడు కుట్టు లోపల గుడ్డ వదిలేస్తాను. రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేయాలి కదా. కుట్టుపనిలో అది ధర్మం. ఈసారి వదల్లేదు. ప్రతి బట్టకీ కొత్త కుట్టు వేసి, లోపల మిగిలిన గుడ్డని కత్తెరతో పరపరా కోసి పారేశాను. ఇక ఈ బట్టలు మా వదిన ఒంటికి ఏ జన్మలోనూ ఎక్కవు. కత్తెర ఆడుతుంటే ఆ చప్పుడు నాకు సంగీతంలా ఉంది. ఎర్రకోటుకైతే భుజాలు కూడా తగ్గించాను.

"ఒక్కటే కోరిక. తేలిక మేడం క్లాసుల ముగింపు సభ ఉంది. అందరూ ఇవే వేసుకుని రండి" అన్నాను. కొత్త బట్టలు వేసుకుని వెళ్ళడానికి ఒక చోటు దొరికిందని వాళ్ళే సంబరపడ్డారు.

సభ రోజున మా ఆయన, నేను పక్క వరసలో కూర్చున్నాం. మేట్రనమ్మ మళ్ళీ ముందు వరసలోనే. వదిన మైకు పట్టుకుని మొదలుపెట్టింది. "ఈ రోజు మీలో ఎంతమంది తేలికయ్యారో..." అంటుండగా వెనక తలుపు తెరుచుకుంది.

మొదట పాలబూత్ అమ్మాయి, ఆకుపచ్చ గౌనులో. ఆమె వెనక ఊడ్చే అక్క, నీలం ఉన్ని జాకెట్టులో. ఆ వెనక టికెట్ల ఆవిడ, గళ్ళ స్కర్టులో. చివర ఇస్త్రీ పిన్ని, ఎర్రకోటులో, జుట్టు పైకి ముడివేసుకుని, రాణిలా. మధ్యదారి వెంట నడిచి ముందు ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు.

నేను బట్టలని చూడలేదు. వదిన మొహం చూస్తూ కూర్చున్నాను. ఒక్కో బట్ట వచ్చినకొద్దీ ఆ మొహంలో ఒక్కో దీపం ఆరింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇదా నువ్వు చేసింది?" అన్నాడు మెల్లగా. "ఇదే" అన్నాను.

కానీ ఆవిడ మా వదిన. అంత తేలిగ్గా పడిపోయే రకమైతే ఇన్నేళ్ళు నన్ను ఏలేదా? నవ్వు తెచ్చిపెట్టుకుంది. "చూడండి, మన సోదరీమణులు ఎంత చక్కగా వచ్చారో. నాలుగు మంచి బట్టలుంటే చాలు, నలభై అక్కర్లేదని నేను చెప్పేది ఇదే" అంది. హాలు చప్పట్లు కొట్టింది. నేను పళ్ళు నూరుకున్నాను.

చప్పట్లు ఆగాక మేట్రనమ్మ పక్కకి తిరిగి పిన్నిని చూసి, "అబ్బ, ఏం కోటమ్మా! మీ కోసమే కుట్టినట్టుంది. ఒకసారి లేచి నిలబడండి, అందరూ చూస్తారు" అంది.

పిన్ని సిగ్గుపడుతూ లేచింది. ఒకసారి గుండ్రంగా తిరిగింది. కోటు అంచు విచ్చుకుని మళ్ళీ ఒంటికి అతుక్కుంది. "ఎంత బాగున్నారో!" అని ఎవరో గట్టిగానే అన్నారు.

"అది నాది!"

మైకులో వచ్చిన ఆ కేకకి హాలు ఉలిక్కిపడింది. వదిన మొహం కందగడ్డలా అయింది. "అది నా కోటు! అవన్నీ నావి! నేను... నేను కాస్త సన్నబడితే వేసుకుందామని..." అని ఆగిపోయింది. ఏం వాగిందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

అయిపోయింది, ఇక నవ్వుతారు, దుమ్మెత్తిపోస్తారు అనుకున్నాను. ఎక్కడో ఒకావిడ నవ్వింది కూడా. కానీ అది వేరే నవ్వు. "మా ఇంట్లోనూ ఉందమ్మా ఒక పెట్టె, సన్నబడితే వేసుకుందామని" అంది ఆవిడ. ఇంకొకావిడ, "నాకు రెండు పెట్టెలున్నాయి" అంది. హాలంతా గొల్లున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. వదిన ఏడ్చింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేట్రనమ్మ కూడా కొట్టింది! ఇంతకు ముందు గౌరవించేవాళ్ళు ఇప్పుడు ప్రేమించడం మొదలుపెట్టారు. రాత్రీ పగలూ కళ్ళు పోగొట్టుకుని కుట్టి కుట్టి నేను ఆవిడకి కిరీటం కుట్టిపెట్టాను!

నా గది సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ ఫోటో ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇంకాసేపు ఆగితే ఆవిడ దండలేయించుకుని ఇంటికెళ్తుంది, నేను మళ్ళీ పొయ్యి పక్కకి వెళ్తాను. లేచాను. మా ఆయన చెయ్యి విడిపించుకుని స్టేజీ ఎక్కాను. వదిన చేతిలోంచి మైకు లాక్కున్నాను. తెలివితేటలన్నీ చాలించి, ఉన్నదున్నట్టు అడగదలుచుకున్నాను.

"పోయినసారి మీరంతా ఒక గది ఫోటో చూసి అయ్యో అన్నారు. ఆ గది నాది. అందులో ఉన్న సామాన్లు ఈవిడవి. ఏళ్ళ తరబడి నా ఇంట్లో దాచింది. అదే ఫోటో తీసి నన్నే మురికిదాన్ని చేసింది. దాంతో నా పని పోయింది. ఇప్పుడు మీ అందరి ముందూ నిజం చెప్పమనండి."

మేట్రనమ్మ లేచి నిలబడింది. "నిజమేనా మేడం?" అంది.

అందరి కళ్ళూ వదిన మీద. ఆవిడ కళ్ళు మాత్రం నా మీద లేవు, మేట్రనమ్మ మీదా లేవు. ఎర్రకోటు మీద ఉన్నాయి. మెల్లగా నా దగ్గరికి జరిగింది, ఏడుపు తుడుచుకుంటున్నట్టు శాలువా మొహానికి అడ్డం పెట్టుకుంది. నా చెవిలో చెప్పబోతోందని తెలిసింది. తెలిసే, మైకుని నా భుజం మీదుగా ఆవిడ నోటి దగ్గరికి జరిపాను. పొరపాటున జరిగిందని తర్వాత చాలామంది అనుకున్నారు. పొరపాటు కాదు. నేనే జరిపాను.

"ఆ ఇస్త్రీదాని ఒంటిమీంచి నా కోటు ఊడదీయించు. అప్పుడు గది నీది, సామాను నాదని చెబుతా."

హాల్లో నాలుగు మూలల నుంచీ ఆ మాట వినబడింది. ఆఖరికి అది తన గొంతేనని వదినకి అర్థమై, శాలువా దించింది.

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు భయం వేసింది, పిన్ని ఏం చేస్తుందోనని. నన్ను నమ్మి వేసుకొచ్చిన మనిషి. నా పగ కోసం ఆవిడని నలుగురిలో నిలబెట్టాను, ఇంత మాట అనిపించాను. పిన్ని నిలబడే ఉంది. కిందినుంచి ఒక్కో బొత్తామే పెట్టుకుంటూ మెడదాకా వచ్చింది. కాలరు సరిచేసుకుంది.

"ఇవ్వనమ్మా" అంది, అంతే. కూర్చుంది.

మా ఆయన లేచాడు. ఆయన గొంతు హాలు వెనకదాకా వినబడటం నేనెప్పుడూ వినలేదు. "అక్కా, పెట్టెలు మోసింది నేనే. ప్రతి పెట్టె నీదే. మా ఆవిడది ఆ మెషిన్ ఒక్కటే" అన్నాడు. చెప్పి కూర్చుని చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి ఇంత సర్కస్ చేయాల్సి వచ్చింది! అయినా ఆ పూట ఆయన్ని క్షమించేశాను.

బయట మేట్రనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని నమ్మాల్సిందమ్మా. రేపు వచ్చి గది చూస్తా" అంది. వచ్చింది, చూసింది, నేల మీద చూపుడువేలు రాసి చూసుకుంది, ఆర్డర్ ఇచ్చి వెళ్ళింది. పిన్ని దగ్గరికి వెళ్ళి, ముందే చెప్పకపోవడం నా తప్పేనన్నాను. "చెప్పుంటే నేను ఇంకా మధ్యలో కూర్చునేదాన్ని కదే" అని నవ్వింది. ఆ మాటన్న తర్వాత ఆవిడ ఇస్త్రీపెట్టె గుడ్డ మీద కాసేపు అలాగే ఆగింది, నవ్వు కూడా ఆగింది. అది నేను చూశాను.

వదిన క్లాసులు పలచబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. మా ఆయన ఒక్కడే వెళ్ళి చూసొస్తుండేవాడు. ఎలా ఉందని నేను అడగలేదు. ఆర్డర్ వచ్చింది, గది వచ్చింది, అయినా నా కోపం తీరలేదు. యూనిఫారాలు కుడుతూ కూడా ఆవిడకి ఇంకేం చేయాలా అని ఆలోచించేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. గదిలో బల్ల చుట్టూ కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళున్నారు. చేతిలో గుడ్డ, బూడిద రంగు కాదు, నారింజ రంగు. "ఒక గౌను కుట్టాలి" అంది, నా పేరు పెట్టి పిలవకుండా, మరదలా అనకుండా, బయటివాళ్ళు అడిగినట్టు.

"కొలత తీయాలి" అన్నాను.

"తియ్యి" అని చేతులు పక్కకి చాచి నిలబడింది.

టేపు నడుము చుట్టూ తిప్పాను. అంకె చూశాను. ఆ గదిలో ఉన్న ప్రతి ఆడదానికీ వినబడేలా, గట్టిగా, విడివిడిగా చదివాను. అంత నీచమైన పని నా జన్మలో చేయలేదు. చేసి సంతోషించాను కూడా. బల్ల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఇంకోసారి చెప్పు" అంది వదిన.

చెప్పాను. ఈసారి గొంతు అంతగా లేవలేదు.

"సరే. దానికే కుట్టు. బిగువుగా వద్దు."

చేతులు దించలేదు. టేపు పట్టుకున్న నా వేళ్ళకి ఆవిడ ఊపిరి తెలుస్తోంది. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, పదహారేళ్ళ పిల్ల దగ్గర్నుంచి ముసలమ్మ దాకా, నడుము కొలత ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కోని ఆడదాన్ని నేను చూడలేదు. మా వదిన లాక్కోలేదు. ఇక ఈ మనిషిని ఎక్కడ పొడవాలో నాకు తెలియలేదు. భుజం కొలత తీసుకోవడానికి వెనక్కి తిరగమన్నాను.